రుమాలు: పేరులోనే ఉన్న పని

 

మన ఇళ్లలో రోజూ వినిపించే మాటల మూలాలను వెదకడం ఈ శీర్షిక ఉద్దేశం. ఈ నెల మేము ఎంచుకున్న మాట 'రుమాలు'. చొక్కా జేబులో మడతపెట్టి ఉండే ఈ చిన్న గుడ్డకు ఇంత ప్రాముఖ్యం దేనికని మీకు అనిపించవచ్చు. అయితే ఈ మాట వెనుక ఒక సుదీర్ఘ ప్రయాణం ఉంది. అంతకు మించి, మన నడవడికను సరిదిద్దగల ఒక పాఠం కూడా ఉంది.

ముందుగా ఒక చిక్కు. కోస్తా ప్రాంతంలో రుమాలు అంటే చేతిలోనో జేబులోనో ఉండే చిన్న గుడ్డ. తెలంగాణ పల్లెల్లో పెద్దవారు రుమాలు అంటే తలకు చుట్టుకునే పాగా. మన మదరసాల్లో రుమాలు అంటే విద్యార్థులు భుజాల మీద వేసుకునే గళ్ల వస్త్రం. మాట ఒక్కటే, స్థానాలు మూడు: చేయి, తల, భుజం. వీటిలో అసలైన అర్థం ఏది? మూడూ కావన్నదే జవాబు. ఆ మాటకు చేతితోగానీ తలతోగానీ భుజంతోగానీ పుట్టుకలో సంబంధం లేదు. దాని సంబంధం ముఖంతో.

రెండు ముక్కల మాట

రుమాలు పారసీక పదం. 'రూ' అంటే ముఖం. 'మాల్' అనేది 'మాలీదన్' అనే క్రియ నుండి వచ్చింది. ఆ క్రియకు రుద్దడం, తుడవడం, నలపడం అని అర్థాలు. కనుక రూమాల్ అంటే ముఖం తుడిచేది. మన భాషలోకి వచ్చేసరికి దీర్ఘం పోయి, చివర ఉకారం చేరి 'రుమాలు' అయింది.

ఈ 'మాల్'ను సరకు అనే అర్థంలో మనం వాడే 'మాలు'తో కలపరాదు. అది అరబ్బీ పదం, ధనం, సొత్తు అని దాని అర్థం. రుమాలులోని మాల్‌కు బంధువులు వేరే ఉన్నారు. వారు మనకు బాగా తెలిసినవారే. ఒళ్లు రుద్దించుకోవడాన్ని 'మాలిష్' అంటాం, అది ఈ క్రియకు సంతానమే. రొట్టెను నలిపి బెల్లం కలిపి చేసే 'మలీదా' కూడా ఆ ఇంటిదే, నలిపినది అని దాని అర్థం. పీర్ల పండుగనాడు పంచే మలీదా, సద్దుల బతుకమ్మనాడు తెలంగాణ ఆడపడుచులు చేసుకునే మలీద ముద్దలు, రెండింటి పేరూ ఒక్కటే. ఉర్దూలో 'పాయ్‌మాల్' అనే మాట ఉంది. పాయ్ అంటే పాదం. పాదాల కింద నలిగిపోయినది, నాశనమైనది అని భావం. ముఖానికి సేవ చేసే మాటలోనూ పాదాల కింద నలిగే మాటలోనూ ఉన్నది ఒకే ముక్క కావడం గమనించదగినది.

'రూ' అనే ముక్కకు కూడా గౌరవప్రదమైన కుటుంబమే ఉంది. ఎదురెదురుగా అనడానికి 'రూబరూ' అంటారు, ముఖానికి ముఖం అని అర్థం. పరువును 'ఆబ్రూ' అంటారు. ఆబ్ అంటే నీరు, రూ అంటే ముఖం. ముఖంలోని నీరు, అంటే తేజస్సు, అదే మనిషి పరువు. గెలిచి గౌరవం పొందినవాడు 'సుర్ఖ్‌రూ', ఎర్రని ముఖం గలవాడు. కనుక ముఖం అనేది ఆ భాషలో కేవలం శరీరావయవం కాదు, మనిషి మర్యాదకు మరోపేరు. ఆ ముఖాన్ని శుభ్రంగా ఉంచే పని రుమాలుది.

చేయి నుండి తలకు, తల నుండి చేతికి

విచిత్రమేమంటే నేటి ఇరాన్ ప్రజలు ఈ వస్తువును ఎక్కువగా 'దస్త్‌మాల్' అంటారు, చేయి తుడుచుకునేది అని అర్థం. ఆ 'దస్త్' కూడా మనకు కొత్త కాదు. సంతకానికి దస్కతు, పత్రానికి దస్తావేజు, బలవంతానికి జబర్దస్తీ, అన్నింటిలోనూ ఉన్నది ఆ చేయే. హైదరాబాదులో, తెలంగాణ జిల్లాల్లో చిన్న చేతిగుడ్డను 'దస్తీ' అనడం అందరికీ తెలిసినదే. అలా తలగుడ్డకు రుమాలు, చేతిగుడ్డకు దస్తీ అని మన పెద్దలు రెండు పారసీక పదాలకు చక్కగా పని పంచి ఇచ్చారు. కోస్తాలో 'చేతిరుమాలు' అన్నప్పుడు ఆ మాటకు చేతి ముఖతుడుపు అనే అర్థం వస్తుంది. అనేవారికి ఆ సంగతి తెలియదు, తెలియనవసరమూ లేదు.

ఇంగ్లీషువారి మాట ఇంతకంటే తమాషా. మనం 'కర్చీఫ్' అని పిలిచే మాటకు మూలం పాత ఫ్రెంచి భాషలో తలను కప్పేది అని అర్థం. తలగుడ్డ చేతిలోకి దిగివచ్చి, ముందు చేతిని సూచించే మాట తగిలించుకుంది. ఇక్కడ ముఖం తుడిచే గుడ్డ తలపైకి ఎక్కింది. అక్కడ తలను కప్పే గుడ్డ చేతిలోకి దిగింది. వస్తువులు ఇలా చోటు మారుతూనే ఉంటాయి, పేర్లు మాత్రం పాత చిరునామాను మోసుకు తిరుగుతాయి.

ఈ పదాలు మన నేలకు రావడానికి దారి స్పష్టమే. బహమనీలు, కుతుబ్‌షాహీలు, ఆసఫ్‌జాహీల కాలాల్లో దక్కనులో పరిపాలనా వ్యవహారాలకు పారసీకం వాడుకలో ఉండేది. గోలకొండ సుల్తానులు పారసీకం, తెలుగు రెండింటిలోనూ రాయించిన ఫర్మానాలు నేటికీ ఉన్నాయి. ఒకే కాగితం మీద రెండు భాషలు పక్కపక్కన నిలిచిన చోట మాటలు ఇటూ అటూ దాటడం సహజం. కచేరీ నుండి అంగడికి, అంగడి నుండి వంటింటికి అవి నడిచివచ్చాయి. రుమాలు కోసం ఏ తెలుగువాడూ పారసీకం నేర్వలేదు, చెమట తుడుచుకుంటూనే నేర్చుకున్నాడు.

మాట అటునుండి ఇటు వచ్చింది. వస్త్రమేమో ఇటునుండి అటు వెళ్లింది. చీరాలలోనూ, నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని పుట్టపాకలోనూ నేతగాళ్లు నేసిన 'తేలియా రుమాళ్లు' ఒకప్పుడు ఓడలెక్కి అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవి. తేల్ అంటే నూనె. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద కలిపిన నీటిలోనూ రోజుల తరబడి నానబెట్టి, ఆరబెట్టి, ముడులు కట్టి ఎరుపు, నలుపు రంగులు పట్టించేవారు. నేసిన తరువాత కూడా ఆ గుడ్డకు నూనె వాసన ఉండేది. ఎండలో, ఇసుక గాలిలో తలకు చల్లగా ఉంటుందని అక్కడివారు ఇష్టపడి కొనేవారు. ఈ నేతకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. తెలుగు నేతగాడు తన చేతులతో నేసిన గుడ్డ అరబ్బు తల మీద నిలిచింది, పారసీకుని మాట తెలుగువాని నాలుక మీద నిలిచింది. ఎవరి మాట ఎవరిది, ఎవరి గుడ్డ ఎవరిది అని తగవులాడేవారికి ఈ ఒక్క రుమాలు చాలు.

మదీనాలో రుమాలు లేని రోజులు

ఇక అరబ్బీలో ఈ వస్తువుకు 'మిందీల్' అని పేరు. హదీసుల్లో కనిపించేది ఈ మాటే. లాటిన్ భాషలో చేతులు తుడుచుకునే గుడ్డకు ఉన్న పేరు నుండి ఇది అరబ్బీలోకి వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. అంటే ఇదీ దూరప్రయాణం చేసిన మాటే. ఈ మిందీల్ ప్రస్తావన గల మూడు సంఘటనలను మేము మా విద్యార్థులకు తరచు చెబుతుంటాము.

మొదటిది హజ్రత్ జాబిర్ (రజి.) చెప్పినది, సహీహ్ బుఖారీలో ఉంది. దైవప్రవక్త (స) కాలంలో తమకు వండిన ఆహారం దొరకడమే అరుదని, దొరికిన నాడు చేతులు తుడుచుకోవడానికి గుడ్డలు కూడా ఉండేవి కావని, అరచేతులు, ముంజేతులు, పాదాలే తమకు మిందీళ్లని ఆయన జ్ఞాపకం చేసుకున్నారు. పాఠకులు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఏ సమాజం అర్ధప్రపంచానికి శుచిని, శుభ్రతను నేర్పిందో, ఆ సమాజానికి తొలినాళ్లలో చేయి తుడుచుకునే గుడ్డముక్క కూడా కరువే.

రెండవది హజ్రత్ అబూ హురైరా (రజి.)ది. ఇది కూడా బుఖారీలోనిదే. కాలాంతరంలో కలిమి వచ్చింది. ఒకనాడు ఆయన రంగు వేసిన నార వస్త్రాలు ధరించి ఉండి, ఆ మంచి గుడ్డతోనే ముక్కు చీదుకున్నారు. వెంటనే తనను తానే ఎగతాళి చేసుకున్నారు. అబూ హురైరా నార వస్త్రంతో ముక్కు చీదుకునేంతవాడయ్యాడే అని ఆశ్చర్యపోయి, పాత రోజులు చెప్పారు. మస్జిదె నబవీలో మింబరుకూ హజ్రత్ ఆయిషా (రజి.) గదికీ మధ్య తాను సొమ్మసిల్లి పడిపోయేవాడినని, చూసినవారు పిచ్చి అనుకుని మెడ మీద కాలు వేసేవారని, అది పిచ్చి కాదు, కేవలం ఆకలి అని చెప్పారు. ఒక గుడ్డముక్క ఆయనకు తన ఆకలిని గుర్తు చేసింది. మనం రోజుకు ఎన్ని కాగితపు రుమాళ్లు లాగి పారేస్తున్నామో! అవి మనకు దేనిని గుర్తు చేస్తున్నాయి?

మూడవది బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. దైవప్రవక్త (స)కు ఒక పట్టు వస్త్రం కానుకగా వచ్చింది. సహాబాలు దాన్ని తాకి చూస్తూ, దాని మెత్తదనానికి అబ్బురపడ్డారు. అప్పుడు ఆయన (స), స్వర్గంలో సఅద్ బిన్ ముఆజ్ మిందీళ్లు దీనికంటే మేలైనవని తెలియజేశారు. హజ్రత్ సఅద్ (రజి.) మదీనాలోని ఔస్ తెగ నాయకుడు. కందక యుద్ధంలో తగిలిన గాయంతో అమరుడయ్యారు. ఇక్కడ ఉలమాలు ఒక సూక్ష్మాన్ని విప్పి చెప్పారు. స్వర్గంలోని దుస్తులను, పరుపులను వదిలి మిందీల్‌నే ఎందుకు ప్రస్తావించారు? ఎందుకంటే ఇంట్లోని వస్త్రాలన్నిటిలోనూ అదే తక్కువ స్థాయిది. మురికి తుడవడానికి కేటాయించినది. అక్కడి తక్కువ స్థాయి గుడ్డే ఇక్కడి రాజుల పట్టును మించినదైతే, మిగతావాటి సంగతి చెప్పనవసరం లేదు.

మేము దీనికి మరొక్క మాట చేరుస్తాము. ప్రాణాన్నే ఒక మహత్తర సేవలో ధారపోసిన వ్యక్తి పేరు, ఇంట్లో అందరికంటే ఎక్కువ సేవ చేసే గుడ్డ పేరు, ఒకే వాక్యంలో పక్కపక్కన వచ్చాయి. సేవ చేసేదాన్ని అల్పమనుకోవడం మన అలవాటు. ఆ అలవాటును ఈ హదీసు సున్నితంగా మందలిస్తున్నదని మాకు అనిపిస్తుంది.

భుజం మీది రుమాలు

ఇప్పుడు ఈ మాటను ఎంచుకోవడానికి గల కారణం చెబుతాము. ఒక పాఠకురాలు మాకు ఉత్తరం రాశారు. ఆమె బీడీలు చుట్టి పిల్లలను పెంచుతున్నారు. కొడుకు మదరసాలో చదువుతున్నాడు. తోటి పిల్లల దగ్గర ఉన్నటువంటి, గల్ఫ్ నుండి వచ్చే ఖరీదైన ఎర్రగళ్ల రుమాలు తనకూ కావాలని సెలవులకు వచ్చినప్పుడల్లా అడుగుతున్నాడట. అది సున్నత్ అయితే అప్పు చేసైనా కొంటానని, కాకపోతే వాడికి ఏమి చెప్పాలో తెలపమని ఆమె అడిగారు.

సోదరీ! మీరు అప్పు చేయనవసరం లేదు. దైవప్రవక్త (స) తలపాగా ధరించేవారన్నది హదీసులతో రుజువైన విషయం. ఎర్రగళ్ల రుమాలేమో అరబ్బు దేశాల ప్రాంతీయ దుస్తుల్లో ఒకటి. అక్కడివారు దాన్ని షిమాగ్ అని, గుత్రా అని పిలుస్తారు. ఎండకూ చలికీ, దుమ్ముకూ పనికివస్తుంది. మన మదరసాల్లో అది అలవాటుగా స్థిరపడింది. ధరించడం ధర్మసమ్మతమే, అందులో దోషం లేదు. కాని దాని ధరను బట్టి విద్యార్థి విలువ పెరగదు. లోకం చూసి మెచ్చుకోవాలని ప్రదర్శన కోసం దుస్తులు ధరించేవానికి ప్రళయదినాన అవమానపు దుస్తులు తొడగబడతాయన్న హెచ్చరిక అబూ దావూద్, ఇబ్నె మాజా గ్రంథాల్లో ఉంది. మీ బాబుకు ఆ సంగతి నెమ్మదిగా చెప్పండి. ఉన్న రుమాలునే ఉతికి, మడతపెట్టి ఇవ్వండి. ఆ పేరుకు అర్థమేమిటో కూడా చెప్పండి. అది ముఖం తుడిచే గుడ్డ, ముఖం చూపించుకునే గుడ్డ కాదు.

ఈ మాట మేము తల్లులకే కాదు, తోటి ఉస్తాదులకు కూడా మనవి చేస్తున్నాము. పట్టా పుచ్చుకునే దస్తార్‌బందీ సభల్లో ఎవరి తలకు ఎంత ఖరీదైన వస్త్రం చుట్టారన్నది చర్చకు వచ్చిన నాడు, ఆ తల లోపల ఏముందన్నది వెనుకబడుతుంది. అందరికీ ఒకే రకం నూలు వస్త్రం ఇవ్వడం కష్టమైన పనేమీ కాదు. అది మన జిల్లాల మగ్గం మీద నేసినదైతే మరీ మంచిది. నేతగాని ఇంట పొయ్యి వెలుగుతుంది, పేద తండ్రి తల దించుకోనవసరం ఉండదు.

సఫ్‌లో పరిచిన రుమాలు

రుమాలుకు మన తెలుగునాట మరో ఉద్యోగం కూడా ఉంది. బస్సు కిటికీలోంచి దస్తీ విసిరి సీటు ఆపుకోవడం మనవారికి వెన్నతో పెట్టిన విద్య. బస్సు సంగతి అలా ఉంచుదాము. ఈ అలవాటు మస్జిదులోకి కూడా వచ్చింది. జుమా రోజున, రమజాను రాత్రుల్లో మొదటి సఫ్‌లో రుమాలు పరిచి, బజారుకు వెళ్లి, ఖుత్బా మొదలయ్యాక వచ్చి, ముందుగా వచ్చి కూర్చున్నవారి భుజాలు దాటుకుంటూ ఆ చోటికి చేరేవారిని మనం చూస్తూనే ఉన్నాం.

వుజూ కోసమో, మరో చిన్న అవసరం కోసమో లేచి వెళ్లి తిరిగి వచ్చినవానికే ఆ చోటుపై హక్కు ఎక్కువ అన్నది సహీహ్ ముస్లింలోని హదీసు. అటువంటివాడు గుర్తుగా గుడ్డ వేసి వెళితే అభ్యంతరం లేదు. కాని తాను రాకుండా గుడ్డను ముందుగా పంపి చోటు ఆక్రమించడం వేరు. మస్జిదు అల్లాహ్ గృహం, ముందు వచ్చినవానిది ముందు చోటు. కూర్చున్న మనిషిని లేపి అతని చోట కూర్చోరాదని దైవప్రవక్త (స) వారించారు. రిక్షా తొక్కేవాడు అజాన్‌కు ముందే చెమటతో వచ్చి, మొదటి సఫ్‌లో ఖాళీగా పరచి ఉన్న రుమాళ్లను చూసి వెనుక సఫ్‌కు వెళ్లిపోతే, ఆ రుమాలు ఎవరి ముఖాన్ని తుడిచినట్లు? ఆ రోజు అది పాయ్‌మాల్ పనే చేసింది.

ఒక వస్తువు పేరును మరచిపోతే దాని పనిని కూడా మరచిపోవడం సులభం. 19వ శతాబ్దపు రికార్డుల్లో థగ్గులనే దారిదోపిడీగాళ్లు బాటసారుల మెడకు బిగించిన గుడ్డను కూడా రుమాలు అనే పేర్కొన్నారు. ముఖం తుడవవలసినది ఉరితాడు అయింది. చంబాలోనేమో స్త్రీలు రెండువైపులా ఒకేలా కనిపించే కుట్టుపనితో రుమాళ్లను తీర్చి, పెళ్లి కానుకల పళ్లేలపై కప్పడానికి వాడారు. గుడ్డ అదే, చేయి వేరు.

మదరసాల్లో కొత్త సంవత్సరం షవ్వాల్ నెలలో మొదలవుతుంది. తొలిసారి ఇల్లు విడిచి వచ్చిన ఏడెనిమిదేళ్ల పిల్లలు మొదటి వారం రాత్రిళ్లు అమ్మను తలచుకుని ఏడుస్తారు. ఉస్తాదు గద్దిస్తే ఏడుపు లోపలికి పోతుందే గాని ఆగదు. ఇన్నేళ్లలో మేము గమనించినదేమంటే, ఆ ఏడుపును ఆపేది ఎక్కువగా పెద్ద తరగతి పిల్లవాడే. పక్కన కూర్చుని, తన భుజం మీది రుమాలు కొసతో ఆ చిన్నవాని ముఖం తుడిచి, తన ఊరి కబురేదో చెబుతాడు. ఆ పిల్లవానికి పారసీకం ఇంకా రాకపోవచ్చు. అయినా ఆ మాటకు సరైన అర్థం వానికి తెలుసు.

దివ్యఖుర్‌ఆన్‌లోని అబస సూరా చివరలో, ఆ మహాదినాన కొన్ని ముఖాలు వెలుగుతూ, నవ్వుతూ ఉంటాయని, మరికొన్ని దుమ్ము కొట్టుకుని నల్లబడి ఉంటాయని అల్లాహ్ తెలియజేశాడు. ఆనాడు జేబులో ఏ రుమాలూ ఉండదు. ఈనాడు ఎవరి కన్నీరు తుడిచామన్నదే మిగులుతుంది. ఆ రోజు మన ముఖాలను వెలిగే ముఖాల్లో చేర్చమని పరమ ప్రభువును వేడుకుందాము. ఆమీన్.

వచ్చే నెల, ఇన్షా అల్లాహ్, ఈ రుమాలు నివసించే ఇంటిని గురించి, అంటే 'జేబు' అనే మాటను గురించి తెలుసుకుందాము.